జంగ్లీ భాగమ్మ

నాకు ఆటలంటే పడదు. మిషన్ హాస్టల్లో పన్నెండేళ్ళు పెరిగాను, ఒక్కనాడు తాడాట కూడా ఆడలేదు. ఎవరైనా పిలిస్తే కదా. అలాంటిదాన్ని నలభై ఒకటో ఏట, వికారాబాద్ నుంచి తాండూరు పోయే పొద్దుటి ప్యాసింజర్లో కూర్చుని గొడ్డలితో రాక్షసులను నరికానంటే మా దవాఖానాలో ఎవరూ నమ్మరు. నేనూ వాళ్ళకు చెప్పలేదు. వాళ్ళకెందుకు చెప్పాలి.

అది 1986. నేను తాండూరులో నర్సును. ఉండేది వికారాబాద్‌లో, స్టేషను వెనక ఒక్క గది. ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక కంచం. అప్పుడప్పుడు గదిలో నాతో నేనే మాట్లాడుకునేదాన్ని. పక్కింటి షాహజాది గోడ మీద తట్టి, "ఎవరన్న వచ్చిన్రా సిస్టర్?" అని అడిగేది. రేడియో అని చెప్పేదాన్ని. నాకు రేడియో లేదు.

దవాఖానాలో మాత్రం నా నోటికి తాళం ఉండేది కాదు. మందు వేళకు వేసుకోని వాళ్ళను, పుండు మీద పేడ పూసుకొచ్చిన వాళ్ళను కడిగేసేదాన్ని. సూది కంటే సిస్టర్ మాటలే గట్టిగా గుచ్చుకుంటాయని వరండాలో చెప్పుకునేవాళ్ళు. వినపడేది. వినపడనట్టు ఉండేదాన్ని.

రైల్లో లేడీస్ డబ్బా ఇంజను పక్కనే ఉండేది. అక్కడ కూర్చుంటే రోజుకొక కొత్త మనిషి అడిగేది, ఎంతమంది పిల్లలు, ఇంటాయన ఏం పని చేస్తడు, అత్తగారిల్లు యాడ అని. లేరు, లేడు, లేదు అని ఎన్నిసార్లు చెప్పను. అందుకని చిట్టచివరి డబ్బాకు నడిచిపోయి మూల కిటికీ దగ్గర కూర్చునేదాన్ని.

నా పక్క బల్లల మీద నలుగురు మగవాళ్ళు మోకాళ్ళ మీద సూట్‌కేసు పెట్టుకుని రోజూ పేకాడేవాళ్ళు. ఒకాయనకు జహీరాబాద్ బదిలీ అయింది, పేక ఆగిపోయింది. మిగిలింది ముగ్గురు. కిష్టప్ప తాండూరు నాపరాళ్ళ పాలిషింగ్ కార్ఖానాలో మున్షీ, రిటైర్‌మెంటుకు దగ్గర పడ్డ మనిషి, కోపమొస్తే మాట కన్నడంలోకి పోయేది. పాండురంగం పోస్టాఫీసులో సార్టరు, దేనికైనా భయమే. షబ్బీర్‌కు ఇరవై ఆరేళ్ళు, తాండూరు దగ్గర కడుతున్న సిమెంటు ఫ్యాక్టరీలో నక్షాలు గీసే పని.

ఆ షబ్బీరే ఒకరోజు ఒక పుస్తకం పట్టుకొచ్చాడు. మిషన్లు బిగించడానికి వచ్చిన ఎవరో తెల్ల ఇంజనీరు పోతూ పోతూ గెస్ట్‌హౌసులో వదిలేశాడట. నెల రోజులు డిక్షనరీ ముందు పెట్టుకుని చదివి, ఇది ఆట అని తేల్చాడు. బోర్డు లేదు, ముక్కలు లేవు. ఒకడు కథ చెప్తాడు, మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషవుతారు. ఏం చేస్తారో వాళ్ళే చెప్పాలి. చేసింది కుదిరిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. ఆ పాచిక పుస్తకంతో రాలేదు. కిష్టప్ప కార్ఖానాలో ఇరవై చిన్న రాతిబిళ్ళలు కోయించి, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేయించి, తన తంబాకు సంచిలో పోసుకొచ్చాడు. చూడకుండా చెయ్యి పెట్టి ఒకటి తీయాలి. అంకె పెద్దదైతే పని అయినట్టు.

మూడు రోజులు విన్నాను. వీళ్ళకు పిచ్చి ముదిరిందనుకున్నాను. "మీ ముంగట గుహ ఉన్నది. లోపలికెల్లి పొగ వస్తున్నది. ఏం జేస్తరు?" అని షబ్బీర్ అడగడం, "నేనైతే వాపస్ పోత" అని పాండురంగం అనడం. గుహ అయినా వాపస్, చెరువైనా వాపస్. నాలుగో రోజు నాకు ఒళ్ళు మండింది.

"పొగ వస్తుంటే ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని వంగి పోవాలె. గా మాత్రం తెల్వదా?" అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. షబ్బీర్ సూట్‌కేసు కొంచెం జరిపి, "అక్కా, నువ్వు రా. మాకు నాలుగో మనిషి కావాలె," అన్నాడు.

ఎందుకు పోయానో తెలియదు. పోయాను.

మంత్రగాడి వేషం పాండురంగం అప్పటికే తీసుకున్నాడు, పూజారి వేషం కిష్టప్పది. "నీకు జంగ్లీ మిగిలిందక్కా," అన్నాడు షబ్బీర్.

"ఏమన్నవ్?"

"నిన్ను గాదు, ఆటల మనిషిని. కొండల్ల పుట్టిన మనిషన్నట్టు. సదువు రాదు, మంత్రం రాదు. బలం మస్తు. కోపమొస్తే బలం రెండింతలైతది. గంతే, అల్కగ ఉంటది."

పాండురంగం నవ్వు దాచుకోవడానికి కిటికీలోంచి చూశాడు. దవాఖానా రిజిస్టర్లన్నీ రాసేది నేను, నాకు చదువు రాని మనిషి వేషం. షబ్బీర్ నక్షా కాగితం చింపి గళ్ళు గీసి నాకిచ్చాడు. పేరు, బలం, ఆయుధం, కడపటి గడిలో 'నీ వాళ్ళు ఎవరు' అని. జంగ్లీకి తన గుంపు ఉండాలట, ఆ గుంపు పేరు రాయాలట.

పేరు దగ్గర భాగమ్మ అని రాశాను. కడపటి గడి వదిలేశాను.

"నీ వాళ్ళు, అక్కా?"

"లేరు. జంగ్లీకి ఎవ్వరుంటరు?"

భాగమ్మ మా అమ్మ పేరు. నాకు ఆరేళ్ళప్పుడు నన్ను హాస్టల్ గేటు దగ్గర వదిలి పోయింది. రాళ్ళు కొట్టే పని చేసేదట, పెద్ద గొంతు, మేస్త్రీ కూడా జంకేవాడట. నాకు మాత్రం గేటులోంచి కనిపించిన ఆమె వీపే గుర్తుంది. ఆ పేరు ఎవరిదో ఆ ముగ్గురికీ చెప్పలేదు. గొడ్డలి పట్టుకోవడానికి ఆ పేరు బాగుంటుందనిపించింది.

"ఒక్క మాట అక్కా," అన్నాడు షబ్బీర్. "గీ ఆటల పానం పోతే పోయినట్టే. మల్ల రాదు. జర చూసుకొని."

ఆ మాట నాకు బాగా ఎక్కింది. మా హాస్టల్లో ప్రతి పిల్లకూ నంబరు కొట్టిన కంచం ఉండేది. నాది ముప్ఫై ఒకటి. పిల్ల పేరు రిజిస్టరులోంచి కొట్టేస్తే ఆ పూటే ఆ కంచం ఇంకో పిల్లకు పోయేది. నేను వచ్చినప్పుడు ఆ ముప్ఫై ఒకటి అలాగే నాకొచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండి గేటు దాటిన రోజు వెనక్కి చూస్తే నా కంచంలో ఇంకెవరో అన్నం తింటున్నారు. పేరు పోతే చోటు పోతుంది. నాకు తెలిసిన లెక్క అదొక్కటే.

ఇక దస్తీ సంగతి. మా ప్యాసింజర్ హైదరాబాద్ వైపు నుంచే నిండి వచ్చేది. వికారాబాద్‌లో కొందరు దిగేవాళ్ళు, అక్కడ ఎక్కే పాసువాళ్ళు రైలు ఆగకముందే కిటికీలోంచి ఖాళీ అయ్యే సీటు మీదికి దస్తీ విసిరేవాళ్ళు. చేతిరుమాలు పడ్డదంటే ఆ సీటులో మనిషి ఉన్నట్టే, ఎవరూ తీయరు. తీస్తే కొట్లాట. కిష్టప్ప గురి గొప్పది, నాలుగు దస్తీలు నాలుగు చోట్ల పడేవి. నా సీటు మీద ఎర్రగళ్ళ దస్తీ వేసేవాడు. మొదటి రోజు అది నాకని తెలియక నిలబడే ఉన్నాను. "కూసో రాహేలమ్మా, అది నీదే," అన్నాడు. నేను వస్తానని నా చోటు ఒకరు పట్టి పెట్టడం నా బతుకులో అదే మొదలు.

ఎనిమిది నెలలు ఆడాము. భాగమ్మ గొడ్డలితో తలుపులు పగలగొట్టింది. పాండురంగం మంత్రగాణ్ణి రెండుసార్లు భుజాన వేసుకుని ఏరు దాటింది. ఊరి పెద్దను నోటికొచ్చినట్టు తిట్టింది. నేను దవాఖానాలో మందులు కొలుస్తూ కూడా రేపు భాగమ్మ ఏం చెయ్యాలా అని ఆలోచించేదాన్ని. ఆదివారం నాకు గడిచేది కాదు. చర్చి అయిపోయాక గదికి వచ్చి సోమవారం కోసం కూర్చునేదాన్ని. సాయంత్రాలు ఎవరి డ్యూటీ వాళ్ళది, ఎవరి రైలు వాళ్ళది. ఆ పొద్దుటి గంట ఒక్కటే. ఆ ముగ్గురి మీద నాకు ప్రేమ పుట్టింది. మాట ఇదే, తిప్పి చెప్పను. ప్రేమతో పాటు, ఈ సీటు ఎప్పుడు పోతుందోనన్న భయం కూడా పట్టుకుంది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ధారూర్ దాటాక తాళ్ళ వంతెన వచ్చింది. ఆటలో. వెనక ఎముకల సైన్యం తరుముకొస్తోంది. వంతెన మీద ఒక్కొక్కరే పోవాలి. పూజారికి కాలు విరిగింది, మంత్రగాడికి మంత్రాలు అయిపోయాయి.

"ఏం జేస్తరు?" అన్నాడు షబ్బీర్.

పాండురంగం నోరు తెరిచాడు. వెనక సైన్యం ఉంది కాబట్టి ఈసారి వాపస్ పోయే వీలు లేదు. నోరు మూసుకున్నాడు.

"మీరు దాటున్రి," అన్నాను. "భాగమ్మ ఈడ నిలబడ్తది."

"అక్కా, జర సోంచాయించు."

"సోంచాయించుడేంది, జంగ్లీ సోంచాయిస్తదా? కోపం తెచ్చుకున్న అని రాసుకో."

లేచి నిలబడ్డాను. ఎప్పుడు లేచానో నాకు తెలియదు. "రాన్రి రా, ఎంతమంది వస్తరో రాన్రి," అని అరిచాను. డబ్బా మొత్తం తిరిగి చూసింది. తెల్లచీర కట్టుకున్న సిస్టరు పిడికిలి ఎత్తి కిటికీ వైపు అరుస్తుంటే చూడరా మరి. నాకు సిగ్గు వేయలేదు. ఆ గొంతు నా లోపల ఇన్నాళ్ళు ఎక్కడుందో అనుకున్నాను.

పద్దెనిమిది తీశాను. పదిహేను తీశాను. పూజారి దాటాడు, మంత్రగాడు దాటాడు. తర్వాత నాలుగు వచ్చింది. తర్వాత రెండు. తర్వాత ఒకటి.

షబ్బీర్ ముఖం చిన్నబోయింది. "భాగమ్మ పడిపోయిందక్కా," అన్నాడు.

అదే నిమిషాన రైలు తాండూరులో ఆగింది. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, తోపులాట. "రేపు సూద్దాం అక్కా, రేపు," అని షబ్బీర్ అంటూనే ఉన్నాడు. నా మీద జాలి పడుతున్నాడనుకున్నాను. నాకు జాలి అంటే మంట. కాగితం అతని చేతిలో పెట్టి దిగిపోయాను. ఆ రోజు దవాఖానాలో నేను ఎవరినీ తిట్టలేదు. ఆయా సైరా, "పానం బాగలేదా సిస్టర్?" అని రెండుసార్లు అడిగింది.

మర్నాడు నేను లేడీస్ డబ్బా ఎక్కాను. పేరు పోయాక చోటు కోసం నిలబడటం నాకు చేతకాదు. లేపితే లేవడం కంటే ముందే లేవడం నయం. నా జాగాలోకి ఎవరో కొత్త నాలుగో మనిషి వచ్చి ఉంటాడు, ఎర్రగళ్ళ దస్తీ వాడికి పడుతుంటుంది. తాండూరులో వాళ్ళ కంట పడకుండా ముందు గేటులోంచి గబగబా బయటపడేదాన్ని.

వారం తర్వాత షబ్బీర్ దవాఖానాకు వచ్చాడు. మందుల కిటికీలోంచి చూశాను, లైన్లో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. "నేను సెలవులో ఉన్నానని చెప్పు," అని సైరాకు చెప్పి లోపలికి పోయాను. ఏమని వచ్చాడు? పాపమని పిలవడానికి వచ్చి ఉంటాడు, పక్కన కూర్చుని ఆట చూడమంటాడు. చూడను. నాకంత కర్మ పట్టలేదు అనుకున్నాను. అతను పోయాక ఆ లైనులో అతను నిలబడిన చోటు వైపు ఎన్నిసార్లు చూశానో చెప్తే నవ్వుతారు.

లేడీస్ డబ్బాలో మళ్ళీ పిల్లలెంతమంది. ఒకామెకు నలుగురని చెప్పాను. పేర్లు అడిగింది. చెప్పలేక ధారూర్‌లో దిగి పక్క డబ్బా ఎక్కాను.

అలా మూడు నెలలు. మే నెలలో ఒకరోజు నీళ్ళ కోసం నిలబడి ఆలస్యమైంది. రైలు కదులుతుంటే పరుగెత్తి చేతికందిన డబ్బా ఎక్కాను. అది చివరిది. మా బల్లల మీద ఎవరెవరో కూర్చున్నారు. నా మూల కిటికీ దగ్గర కిష్టప్ప ఒక్కడే, తువ్వాలు నెత్తికి చుట్టుకుని.

నన్ను చూసి లేచాడు. కూర్చోమన్నాడు. కూర్చోను అన్నాను. ఇద్దరమూ కాసేపు నిలబడే ఉన్నాం.

"షబ్బీరేడి?" అన్నాను చివరికి.

"గుజరాత్ పంపిన్రు. ఆడ ఇంకో ఫ్యాక్టరీ లేస్తున్నదట. పాండురంగాన్ని కొడంగల్ ఏసిన్రు, బస్సుల పోతుండు. నెలైంది."

"నా జాగల ఎవర్ని పెట్టుకున్నరు?"

కిష్టప్ప నా వైపు వింతగా చూశాడు. "నీ జాగల ఎవర్ని పెడ్తమమ్మా? రెండు నెలలు దినాం నీ సీటుకు దస్తీ ఏసిన. మందితోని కొట్లాడిన. ఒకడైతే నా గల్ల పట్టిండు. మనిషి లేంది దస్తీ ఏంది ముసలోడా అని."

"భాగమ్మ సచ్చింది గద."

"సచ్చిందని నీకెవరు చెప్పిన్రు? పడ్డదన్నడు షబ్బీరు. ఆ రోజే పుస్తకం మల్ల తిరగేసిండు. పడ్డ మనిషి తాన్కి సోపతోళ్ళు వాపస్ వచ్చి కట్టు కడితే, లేస్తదా లేదా అని మల్లొక్కపారి రాయి తియ్యొచ్చట. గా రాయి పడ్డ మనిషే తియ్యాలె. నువ్వే తియ్యాలె. గది చెప్పనీకే నీ దవాఖానకు వచ్చిండు. సెలవన్నరట."

నేను కిటికీ ఊచ పట్టుకున్నాను.

"మేం వాపస్ వచ్చినం," అన్నాడు కిష్టప్ప. "ముందుగల్ల పోదామన్నది పాండురంగమే. ఎముకలోళ్ళ నడిమిట్లకెల్లి వచ్చినం. కట్టు కట్టినం. ఇగ నీ కోసం కూసున్నం. దినాం షబ్బీరు అడుగుడు, ఏం జేస్తరు అని. మేం చెప్పుడు, భాగమ్మ కాడ కూసుంటం అని. గంతే ఆట. రెండు నెలలు గదే ఆట."

"లేడీస్ డబ్బా కాడికొచ్చి చెప్పొద్దా మరి? నోరు లేదా?" అని మీద పడ్డాను. నా గొంతు నాకే వినసొంపుగా లేదు.

"మగోణ్ణి, ఆడోళ్ళ డబ్బాలకెట్ల వస్తనమ్మా? ప్లాట్‌ఫారం మీద దేవులాడిన. నువ్వు ఉరుకుతుంటివి."

నిజమే. ఉరికాను.

కిష్టప్ప సంచిలోంచి మడత పెట్టిన నక్షా కాగితం తీసి ఇచ్చాడు. పేరు, బలం, ఆయుధం నా రాతలోనే ఉన్నాయి. కడపటి గడిలో, 'నీ వాళ్ళు ఎవరు' దగ్గర, నేను వదిలేసిన ఖాళీలో మూడు పేర్లు మూడు రాతల్లో ఉన్నాయి. షబ్బీర్ నక్షా అక్షరాల్లాగా నిలువుగా రాశాడు. పాండురంగం చిన్నగా, భయపడుతున్నట్టు రాశాడు. కిష్టప్ప కన్నడంలో రాశాడు.

చదివాను. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎదురుగా ఉన్న మనిషి లేచి నాకు సీటిచ్చాడు, ఎందుకిచ్చాడో నాకు తెలుసు.

"రాయి తియ్యి," అన్నాడు కిష్టప్ప తంబాకు సంచి చాపి.

చెయ్యి పెట్టాను. చల్లగా ఉన్నాయి రాళ్ళు. ఒకటి తీశాను. పదిహేడు.

"లేచింది," అన్నాడు.

"లేచి?" అన్నాను. "ముంగట ఏమున్నది?"

కథ చెప్పేవాడు గుజరాత్‌లో ఉన్నాడు, పుస్తకం అతనితో పోయింది. కిష్టప్ప కిటికీలోంచి బయటికి చూశాడు.

"ధారూర్ స్టేషన్," అన్నాడు.

జూన్ ఆఖరున కిష్టప్ప రిటైరయ్యాడు. ఆ నెలంతా ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని పోయాం. ఆట ఆడలేదు, ఎక్కువ మాట్లాడుకోలేదు కూడా. చివరి రోజు మా అమ్మ పేరు భాగమ్మ అని చెప్పాను. "అనుకున్న," అన్నాడు. ఎట్లా అనుకున్నాడో అడగలేదు. ఎర్రగళ్ళ దస్తీ నా చేతిలో పెట్టి దిగిపోయాడు.

జులై ఒకటో తారీఖు పొద్దున ప్లాట్‌ఫారం చివర నిలబడ్డాను. రైలు ఇంకా ఆగలేదు. ఉరుకుతూ దస్తీ కిటికీలోంచి విసిరాను. నాకు కిష్టప్ప గురి లేదు, నేను అనుకున్న సీటు మీద కాక ఎదురు బల్ల మీద పడింది. ఎక్కి, దస్తీకి ఎదురుగా మూల కిటికీ దగ్గర కూర్చున్నాను. నాకు సీటు దొరికింది, ఇక ఆ దస్తీ అవసరం లేదు. అయినా తీయలేదు.

డబ్బా నిండిపోయింది. టిఫిను డబ్బా పట్టుకున్న ఒక లావుపాటి మనిషి వచ్చి దస్తీ వైపు, నా వైపు చూశాడు.

"ఎవరన్న ఉన్నరా అమ్మా గీడ?"

"ఉన్నరు," అన్నాను, భాగమ్మ గొంతుతో.

అతను తాండూరు దాకా నిలబడే వచ్చాడు.